సాగర్ ఫుడ్ కోర్టులో జొన్న రొట్టె, తప్పాల చెక్క పెట్టాలనుకుంటున్నాం. టూరిస్టులు తింటారా?

ఎడమకాల్వ అక్క

అందరికీ నమస్తే. మాది హాలియా దగ్గర పల్లె, నాగార్జున సాగర్ ఎడమ కాల్వ కింద. మా మహిళా సంఘంలో పదకొండు మందిమి ఉన్నాం. సాగర్ హిల్ కాలనీలో ఒకాయన తన సొంత జాగాలో ఎనిమిది షాపులతో ఫుడ్ కోర్టు కడుతున్నాడు. పైన రేకులు, మధ్యలో బల్లలు, ఓ పక్కన నల్లాలు, బాత్రూములు. అందులో ఒక షాపు మాకిస్తానన్నాడు. నెలకు తొమ్మిది వేల కిరాయి, కరెంటు బిల్లు వేరు. సంఘంలో లోన్ తీసుకుని దిగుదామనుకున్నాం. దసరా లోపు మొదలుపెట్టాలి.

ఏం వండాలన్న దగ్గర పేచీ వచ్చింది. షాపు ఆయన మాట ఇది: "వచ్చేది హైదరాబాద్ జనం అమ్మా. నూడుల్స్, ఫ్రైడ్ రైస్, మంచూరియా పెట్టుకోండి, వాటికి ఎప్పుడూ గిరాకీ ఉంటది." మిగతా ఏడు షాపుల్లో ఇప్పటికే నాలుగు అవే పెడుతున్నాయి. మా సంఘంలో చిన్నవాళ్లు నలుగురు కూడా అటే మొగ్గుతున్నారు. నాకూ మా అత్తమ్మకూ మాత్రం మనసు ఒప్పడం లేదు. నూట యాభై కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చి, వాళ్ల గల్లీ చివర దొరికే మంచూరియానే ఇక్కడా తిని పోతే ఆ మనిషి సాగర్‌లో ఏం తిన్నట్టు?

మేం పెట్టాలనుకున్నవి జొన్న రొట్టె, దాంట్లోకి నాటుకోడి కూర, చేపల పులుసు, శాకాహారులకు పప్పు. తర్వాత తప్పాల చెక్క, పచ్చి పులుసు. పొద్దున పూట అంబలి.

దీని వెనక మా ఇంటి సంగతి ఒకటుంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు సాగర్‌కు పునాదిరాయి వేసేనాటికి మా అమ్మమ్మకు పద్దెనిమిదేళ్లు. పెళ్లయిన ఏడాదే తాతతో కలిసి డ్యాం పనిలోకి వచ్చింది. 1967లో ఇందిరా గాంధీ గారు కాల్వలకు నీళ్లు వదిలేదాకా మా వాళ్లు కూలీల గుడిసెల్లోనే ఉన్నారు. సాగర్ రాతి కట్టడం. ఆ రాళ్లు, సున్నం, సిమెంటు మనుషుల నెత్తుల మీద, భుజాల మీద పైకి పోయాయి. తెల్లవారక ముందే గుడిసె ముందు మూడు రాళ్ల పొయ్యి మీద రొట్టెలు చేసి గుడ్డలో మూట కట్టేదట. మధ్యాహ్నం బండ మీద కూర్చుని ఉల్లిగడ్డ, పచ్చికారం పెట్టుకుని తినేవాళ్లు. గేట్లు తెరిచిన రోజు ఇరవై ఆరు గేట్ల ముందు నిలబడి ఫోటోలు దిగే జనానికి, ఆ గేట్లు నిలబెట్టిన చేతులు ఏం తిన్నాయో కూడా తెలియాలని నా కోరిక.

ఇక తప్పాల చెక్క. హైదరాబాద్‌లో సర్వపిండి అంటారు చూడండి, అదే. బియ్యం పిండిలో నానబెట్టిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, కరివేపాకు, ఉల్లిగడ్డ, కారం కలిపి, తప్పాల అడుగున నూనె రాసి ఆ పిండిని వేళ్లతో పలచగా ఒత్తాలి. అక్కడక్కడ వేలితో గుంటలు పెట్టి, ప్రతి గుంటలో ఒక్కో చుక్క నూనె పోసి, మూత పెట్టి సన్న మంట మీద ఉంచాలి. పది పన్నెండు నిమిషాలకు అంచు ఎర్రబడి దానంతటదే అడుగు వదులుతుంది. ఇక్కడే చిక్కు. ఇంకోటి ఒత్తాలంటే తప్పాల చల్లారాలి. కాలిపోతున్న గిన్నెలో చేయి పెట్టలేం కదా. ఇంట్లో అయితే బోర్లించి పైన నీళ్లు పోస్తాం. షాపులో ఒకేసారి ఇరవై మంది అడిగితే ఎలా?

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. టూరిస్టు జాగాలో ఇట్లాంటి తిండి నడుస్తుందా? నడవాలంటే ఏం చేయాలి?

లాంచీ దగ్గరి గైడ్

అక్కా, నేను సాగర్‌లో పదిహేనేళ్ల నుంచి టూరిస్టులను తిప్పుతున్నా. బస్సు దిగంగానే వాళ్లు అడిగేవి మూడే: లాంచీ ఎన్నింటికి, బాత్రూం ఎక్కడ, ఇక్కడ ఏం ఫేమస్. ఆ మూడో దానికి నా దగ్గర ఇన్నేళ్లుగా ఒకటే జవాబు, చేపల ఫ్రై. మీ షాపు వస్తే రెండోది చెప్పగలుగుతా. కాబట్టి పెట్టండి.

అయితే గిరాకీ లెక్క తెలుసుకుని దిగండి. లాంచీలో నాగార్జునకొండకు పోను ముప్పావు గంటకు పైనే, రాను అంతే, మధ్యలో మ్యూజియం. పొద్దున పోయినవాళ్లు తిరిగి ఒడ్డుకొచ్చేసరికి ఆకలితో నకనకలాడుతుంటారు. వాళ్లు ఒడ్డుకొచ్చాక ఉండే గంటన్నర గిరాకీ మీదే మీ రోజు ఆధారపడుతుంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు, ఆ రోజు పిండి తక్కువ కలపండి. గేట్లు ఎత్తిన వారం మాత్రం మనిషి మీద మనిషి పడతాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఖాళీ.

ఇంకో ముఖ్యమైన మాట. 2022 మేలో సాగర్‌లో బుద్ధవనం అనే బౌద్ధ పార్కు తెరిచినప్పటి నుంచి బయటి దేశాల వాళ్లు, బౌద్ధ భిక్షువులు వస్తున్నారు. రెండు వందల డెబ్బై నాలుగు ఎకరాల జాగా అది, తిరిగేసరికే అలిసిపోతారు. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీకొచ్చిన అమ్మాయిలు కూడా వచ్చి చూసిపోయారు. థాయిలాండ్, శ్రీలంక భిక్షువులు మధ్యాహ్నం పన్నెండు దాటితే అన్నం ముట్టరు. వాళ్లను తీసుకొచ్చే బస్సు పదకొండింటికే తిండి కోసం వెతుకుతుంది. వియత్నాం, తైవాన్ వైపు వాళ్లలో చాలామంది మాంసమే కాదు, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కూడా తినరు. ఉల్లిగడ్డ లేకుండా నాలుగు చెక్కలు, కారం తగ్గించిన పప్పు పక్కన పెట్టుకున్నారంటే ఆ బస్సు మీ దగ్గరే ఆగుతుంది. నేను ఒకసారి పన్నెండు మంది భిక్షువులను తీసుకుని మూడు హోటళ్లు తిరిగా. చివరికి పెరుగన్నం, అరటిపళ్లు తిని పోయారు. ఆ రోజు నాకు మస్తు బాధైంది.

హైవే టిఫిన్

అక్కా, మీ ఉద్దేశం మంచిదే, కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి వైపు ఆరేళ్లు ఫుడ్ కోర్టులో షాపు నడిపా. ఆ అనుభవంతో చెబుతున్నా, అక్కడ మొదట గెలిచేది వేగం. నలభై ఐదు మంది ఉన్న బస్సు ఆగితే డ్రైవర్ ఇరవై ఐదు నిమిషాలు టైమిస్తాడు. అందులో పది నిమిషాలు బాత్రూంకే పోతాయి. మిగిలిన పదిహేను నిమిషాల్లో మీ అత్తమ్మ ఎన్ని రొట్టెలు చేస్తుంది? రెండు పెనాలు పెట్టినా గంటకు ముప్పై దాటవు, అంటే పదిహేను నిమిషాలకు ఏడెనిమిది. ఆ వెనక నిలబడ్డవాళ్లు నూడుల్స్ షాపుకే పోతారు, వాళ్ల తప్పేం లేదు.

కాబట్టి చేతికి వెంటనే ఇచ్చేది ఒకటి కచ్చితంగా ఉండాలి. పచ్చి పులుసు, అన్నం, పప్పు, ఒక వడియం, అన్నీ కలిపి ప్లేటు. గరిటెతో వేసి ఇచ్చేయొచ్చు. రొట్టె ఆగగలిగేవాళ్లకు. కోడి, చేప రెండూ వద్దు, ఒకటి తీసేయండి. సాయంత్రం మిగిలిన కూర మీ లాభాన్ని తినేస్తుంది.

తప్పాల గురించి మీరే జవాబు చెప్పేశారు. పన్నెండు తప్పాలలు కొనండి. ఆరు పొయ్యి మీద, ఆరు చల్లారుతూ. నాలుగైదు వేలతో పోయే సమస్య అది. గ్యాస్ మాత్రం కమర్షియల్ సిలిండరే పెట్టండి, పందొమ్మిది కేజీలది. ఇంటి సిలిండర్ పట్టుబడితే కేసవుతుంది. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కూడా మొదలుపెట్టక ముందే చేయించుకోండి, చిన్న వ్యాపారాలకు ఫీజు ఏడాదికి 100 రూపాయలే.

అన్నింటికంటే పెద్ద మాట ఇది. నా షాపు బాగా నడిచిన ఏడో నెలలో ఓనరు కిరాయి పెంచాడు, నా పక్క షాపులో నేను చేసే పెసరట్టే మొదలుపెట్టించాడు. నోటి మాట మీద ఉన్నా కాబట్టి అడగలేకపోయా. మీరు కాగితం రాయించుకోండి. కిరాయి ఎన్నాళ్లదాకా పెరగదు, మీ ఐటమ్ ఇంకొకరు పెట్టకూడదు, ఈ రెండూ స్టాంపు పేపరు మీద ఉండాలి.

పాలమూరు తమ్ముడు

అక్కా, మాది నారాయణపేట వైపు. మీ అమ్మమ్మ ముచ్చట చదివి ఫోన్ పక్కన పెట్టి కాసేపు కూర్చున్నా. మా తాత కూడా సాగర్ పనికి పోయినోడే. పాలమూరు లేబర్ లేని డ్యాం ఈ దేశంలో తక్కువ. నేనూ ఆ బాటలోనే 2014 నుంచి 2021 దాకా సింగపూర్‌లో బిల్డింగ్ పనిలో ఉన్నా. అక్కడి ఫుడ్ కోర్టుల సంగతి నాకు తెలిసినంత రాస్తా, మీకు పనికొస్తుంది.

వాటిని హాకర్ సెంటర్లంటారు. ఒకప్పుడు రోడ్ల మీద బండ్లు పెట్టుకుని అమ్మినోళ్లను 1970, 80లలో అక్కడి సర్కారు కప్పు, నల్లా, మోరీ ఉన్న కట్టడాల్లోకి తెచ్చింది. 2020 డిసెంబర్‌లో యునెస్కో ఆ హాకర్ సంస్కృతిని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. గుడి కాదు, కోట కాదు, బండి మీద అమ్ముకునేటోళ్ల బతుకుకు దక్కిన గౌరవం అది. ఆ వార్త విన్నప్పుడు మాతో పనిచేసే తమిళన్న ఒకాయన అందరికీ టీ ఇప్పించాడు.

ఆదివారాలు మేం లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్‌కు పోయేటోళ్లం. అక్కడ ఒక్కో షాపు ఒకటి రెండు ఐటమ్‌లకే పేరు. చికెన్ రైస్ వాడు ముప్పై ఏళ్లుగా చికెన్ రైసే. చైనాటౌన్‌లో అట్లాంటి చికెన్ షాపు ఒకదానికి 2016లో మిషెలిన్ స్టార్ వచ్చింది, పెద్ద పెద్ద హోటళ్లకిచ్చే గుర్తింపు అది. క్యూలో అరగంట నిలబడేటోళ్లు, ఎవరూ విసుక్కునేటోళ్లు కాదు. బల్లలు అందరివీ. టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ సీటు వాళ్లదన్నట్టే, ఎవరూ కూర్చోరు. తిన్నాక ప్లేటు మనమే తీసుకెళ్లి రాక్‌లో పెట్టాలి, 2021 సెప్టెంబర్ నుంచి పెట్టకపోతే ఫైన్ కూడా. షాపు ముందు శుభ్రతకు ఏ, బీ, సీ అని గ్రేడు బోర్డు వేలాడేది. టూరిస్టు ముందు దాన్నే చూసేటోడు.

నేను మీకు చెప్పాలనుకున్నది పరాటా షాపు గురించి. టెక్కాలో పరాటా మాస్టర్ పిండిని గాల్లోకి విసిరి బండ మీద కొడుతుంటే తెల్లోళ్లు తినడం ఆపి చూసేటోళ్లు. పొయ్యి లోపల దాచలేదు, ముందుకే పెట్టాడు. ఆలస్యం గురించి హైవే అన్న చెప్పింది నిజమే. కానీ చూసేదుంటే మనిషి ఆగుతాడు. మీ అత్తమ్మ రొట్టె కొట్టే పీట వెనక్కి పెట్టకండి, జనం నిలబడే చోట, చప్పుడు వినపడేటట్టు పెట్టండి. జొన్న రొట్టె కొట్టే చప్పుడు వింటే నాకైతే ఇప్పటికీ మా అమ్మ గుర్తొస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న సగం మందికి ఎక్కడో ఒక పల్లె ఉంటుంది కదక్కా.

ఎడమకాల్వ అక్క

గైడ్ తమ్ముడూ, హైవే అన్నా, పాలమూరు తమ్ముడూ, మీ ముగ్గురి మాటలు రాత్రి సంఘంలో చదివి వినిపించా. అత్తమ్మ చివరిది రెండుసార్లు చదివించుకుంది. చేపల పులుసు తీసేశాం. పక్కన ఎట్లాగూ చేపల ఫ్రై షాపు వస్తుంది, వాళ్ల గిరాకీ వాళ్లది. పచ్చి పులుసు ప్లేటు ఖాయం.

పిండి గురించి ఒక మాట. జొన్న పిండి పాతదైతే జిగురు పోతుంది, రొట్టె కొడుతుంటే అంచులు చీలుతాయి. నాలుగు రోజులకోసారి పట్టించాలని అనుకున్నాం. మా ఊరి గిర్నీ ఆయన తెల్ల జొన్నలు వేరుగా పట్టిస్తానన్నాడు.

కాగితం గురించి ఆయన్ని అడిగితే "నమ్మకం లేదా అమ్మా" అన్నాడు. నమ్మకం ఉన్నా పదకొండు మంది పేరు మీద లోన్ ఉంటుంది కాబట్టి రాసుకుందామని చెప్పా. వారంలో చెబుతానన్నాడు.

తండా బిడ్డ

అక్కా నమస్తే. నాది పెద్దవూర దగ్గర తండా. ఇదంతా చదివి ఒకటి అడగాలనిపించింది. సాగర్ చుట్టూ ఉన్నది మేం కూడా కదా. మా ఇండ్లలో కూడా జొన్న రొట్టే, మేం బాటీ అంటాం. మీ షాపులో వారానికి రెండు రోజులు మా తండా నుంచి ఇద్దరు వచ్చి చేయొచ్చా? మా చెయ్యి కొంచెం మందంగా కొడుతుంది, దాని రుచి వేరు.

ఒక విన్నపం కూడా. టూరిస్టుల జాగా అనగానే మమ్మల్ని అద్దాల బట్టలేసి గేటు దగ్గర ఆడమని పిలుస్తారు. అరగంట ఆడి, ఫోటోలు దిగి, చేతిలో మూడు వందలు పెట్టించుకుని ఇంటికొస్తాం. మా అమ్మ చేసే కుట్టుపని ఎవరూ కొనరు, మా తిండి ఎవరూ అడగరు. తీజ్ పండుగకు మేం ఆడేది మా కోసం. గంపల్లో గోధుమలు మొలకెత్తించి తొమ్మిది రోజులు పెళ్లికాని ఆడపిల్లలు నీళ్లు పోసే పండుగ అది. దాన్ని పార్కింగ్ దగ్గర పది నిమిషాల ఐటమ్ చేస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. వంట చేసే చోట, డబ్బు లెక్కపెట్టే చోట మాకు జాగా ఉంటే వస్తాం. బల్లల మీద మా కుట్టుపని గుడ్డలు వేసి పక్కన ధర రాసి పెడితే అవి కూడా అమ్ముడుపోతాయి.

సళోయి, అంటే యాట నెత్తురుతో మేం చేసే వంటకం, పెట్టమని ఎవరైనా అడుగుతారు, వీడియోల్లో చూసి. అది యాట కోసిన రోజే, ఇంటిమంది కోసం చేసుకునేది. దాన్ని మెనూలో రాయకండి.

ఎడమకాల్వ అక్క

చెల్లీ, ఏవో రెండు రోజులు కాదు, గిరాకీ ఉండే శని, ఆదివారాలే మీవి. లెక్కలో మీ ఇద్దరికీ మాతో సమాన వాటా. ఆట గురించి నువ్వు చెప్పింది షాపు ఆయనకు అదే మాటల్లో చెబుతా.

పోయిన ఆదివారం ఒక ప్రయత్నం చేశాం, అది చెప్పాలి. ఫుడ్ కోర్టు ఇంకా కాలేదు కదా, ఆయన్ని అడిగి అదే జాగా ముందు చెట్టు కింద రెండు బల్లలు వేశాం. ఒక పక్క రొట్టె పీట, ఇంకో పక్క ఎనిమిది తప్పాలలు. పదకొండు గంటల నుంచి మూడున్నర దాకా.

రొట్టెలు తొంభై రెండు పోయాయి. చెక్కలు నలభై. పచ్చి పులుసు ప్లేటు అన్నింటికంటే ఎక్కువ పోయింది, హైవే అన్న మాట నిజమైంది. కోడి కూర ఒంటిగంటకే అయిపోయింది, ఆ తర్వాత వచ్చినవాళ్లకు పప్పుతో ఇచ్చాం. అంబలి మొదట ఒక్కరూ అడగలేదు. పొద్దున పూట కాకపోవడం ఒకటి, ఏమిటో తెలియకపోవడం ఒకటి. మా సంఘంలో చిన్నది చిన్న గ్లాసుల్లో పోసి, మజ్జిగ కలిపి, ఉల్లిగడ్డ ముక్క పక్కన పెట్టి ఊరికే రుచి చూపించింది. కుండ ఖాళీ అయింది. ఇన్నాళ్లూ నూడుల్స్ కావాలన్న పిల్ల అది.

తప్పు కూడా జరిగింది. నాలుగు చెక్కలు మాడ్చాం. మంట చూసే మనిషి డబ్బులు తీసుకోవడానికి లేచింది. చేతులు కడుక్కోవడానికి బిందె ఒక్కటే పెట్టాం, అది కూడా సరిపోలేదు. ఈసారి మంట దగ్గర మనిషి లేవకూడదని రాసుకున్నాం.

రెండు గంటలప్పుడు ఒక పెద్దమ్మ వచ్చింది. డెబ్బై ఏళ్లు ఉంటాయేమో. కొడుకు, కోడలు, మనవళ్లతో కారులో వచ్చారు. వాళ్లు అటు డ్యాం చూడడానికి పోయారు, ఈమె మోకాళ్ల నొప్పులని ఇక్కడే కూర్చుంది. అత్తమ్మ ఎసరు నీళ్లు పోసి పిండి కలుపుతుంటే చాలాసేపు అట్లాగే చూసింది. తర్వాత లేచి వచ్చి, "నేనొకటి కొడతా బిడ్డా" అంది. అత్తమ్మ జరిగి జాగా ఇచ్చింది. గాజులు పైకి నెట్టుకుని, ముద్దను అరచేతిలో రెండుసార్లు గుండ్రంగా తిప్పి, పీట మీద పిండి చల్లి మొదలుపెట్టింది. మొదట చేయి తడబడింది, ఒక అంచు చీలింది. తడి వేలితో దాన్ని అతికించి మళ్లీ కొట్టింది. ఇక ఆగలేదు. టపటపమని ఒకే లయలో రొట్టె తనంతట తాను తిరుగుతున్నట్టు పీట మీద తిరిగింది. పెనం మీద వేసి, పైన తడి గుడ్డతో తుడిచి, తిప్పి నిప్పుల మీద నిలబెడితే బూరెలా పొంగింది. హైదరాబాద్‌కు పోయి ముప్పై ఏళ్లయిందట, ఫ్లాట్‌లో చప్పుడవుతుందని కొట్టడం మానేసిందట. మనవళ్లు తిరిగొచ్చేసరికి ఆమె మూడో రొట్టె మీద ఉంది. చిన్నోడు "నానమ్మా, నీకు ఇది వచ్చా" అని అడిగాడు. ఆమె జవాబు చెప్పకుండా వేడి రొట్టె తుంచి వాడి నోట్లో పెట్టింది.

డబ్బులు తీసుకోబోతే అత్తమ్మ ఒప్పుకోలేదు. ఆమె కూడా ఒప్పుకోలేదు. చివరికి రెండు తప్పాల చెక్కలు కొనుక్కుని పోయింది.

షాపు ఆయన ఆ రోజంతా కుర్చీ వేసుకుని చూశాడు. నిన్న ఫోన్ చేసి కాగితం రాసుకుందాం రమ్మన్నాడు. కిరాయి రెండేళ్లు పెంచనన్నాడు, రొట్టె, చెక్క ఇంకొకరికి ఇవ్వనన్నాడు. పొయ్యి ముందుకు పెట్టడానికి కౌంటరు గోడ రెండడుగులు తగ్గించమని అడిగా, మేస్త్రీతో మాట్లాడతానన్నాడు.

తండా చెల్లీ, వచ్చే ఆదివారం మళ్లీ చెట్టు కిందే పెడుతున్నాం. తొమ్మిదింటికల్లా రండి, పీటలు రెండు తెచ్చుకోండి. గైడ్ తమ్ముడూ, పదకొండు గంటల బస్సేదైనా ఉంటే ముందు రోజు రాత్రి ఒక మాట చెప్పు, ఉల్లిగడ్డ లేని పిండి వేరే గిన్నెలో కలిపి ఉంచుతాం.